దివ్యాంగుల పార్కింగ్: అపోహలు - వాస్తవాలు

కొత్త అపార్ట్‌మెంట్‌కి ప్లాన్ గీసేటప్పుడు దివ్యాంగుల పార్కింగ్ మాట ఎత్తితే నేను ఎక్కువగా వినే జవాబు ఇది: "అదెంత పని సార్, చివర్లో పెయింటర్ వస్తాడు కదా, అప్పుడు ఎక్కడో ఓచోట వీల్‌చైర్ బొమ్మ వేయించేద్దాం." అన్నవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. ఆ పని నిజంగా పెయింటర్‌దే అనుకుంటున్నారు, అంతే. ఫ్లాట్ కొనేవాళ్లదీ అదే లెక్క. ఇప్పుడు దీనికి వాట్సాప్ మెసేజ్‌లు తోడయ్యాయి. దివ్యాంగుల వసతుల రూల్స్‌ని సుప్రీంకోర్టు కొట్టేసిందని ఒకడు, పాత అపార్ట్‌మెంట్ల ఓసీలన్నీ (కట్టడం పూర్తయింది, ఇక ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్లు) రద్దని ఇంకొకడు. ఆర్కిటెక్ట్‌గా ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి విసిగిపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: బిల్డింగ్ పూర్తయ్యాక స్లాట్ మార్క్ చేసుకోవచ్చు

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. మిగతావి చదవకపోయినా ఇది మాత్రం చదవండి.

దివ్యాంగుల స్లాట్‌ని నిర్ణయించేది పెయింట్ కాదు, పిల్లర్లు. మామూలు కారు స్లాట్ వెడల్పు రెండున్నర మీటర్లు. కేంద్రం తెచ్చిన మోడల్ బిల్డింగ్ బైలాస్ 2016 ప్రకారం దివ్యాంగుల స్లాట్ కనీసం 3.6 మీటర్ల వెడల్పు ఉండాలి. అలాంటివి కనీసం రెండు కార్లకు, నేల మట్టంలో, బిల్డింగ్ ప్రవేశద్వారానికి 30 మీటర్ల లోపు ఉండాలి. ఆ స్థలం వీల్‌చైర్ వాడేవాళ్లకు కేటాయించిందని తెలిసేలా బోర్డు పెట్టాలి. బోర్డు, బొమ్మ అన్నిటికంటే తేలికైన భాగం కాబట్టి అందరికీ అదొక్కటే గుర్తుంటుంది.

ఇప్పుడు లెక్క చూడండి. స్టిల్ట్‌లో, అంటే బిల్డింగ్ కింద పిల్లర్ల మధ్య పార్కింగ్‌కి వదిలే అంతస్తులో, రెండు కార్ల కోసం పిల్లర్ల మధ్య ఐదు మీటర్ల ఖాళీ వదిలారనుకుందాం. అందులో 3.6 మీటర్ల స్లాట్ ఒకటే పడుతుంది. మిగిలిన 1.4 మీటర్లలో బైకులు తప్ప ఏమీ పట్టవు. అదే మూడు కార్ల కోసం ఏడున్నర మీటర్లు వదిలి ఉంటే దివ్యాంగుల స్లాట్లు రెండూ పక్కపక్కనే హాయిగా కూర్చుంటాయి. కోల్పోయింది ఒక్క కారు చోటు. అంటే ఈ నిర్ణయం స్ట్రక్చరల్ ఇంజనీర్ పిల్లర్ల గ్రిడ్ (ఏ పిల్లర్ ఎక్కడ రావాలో చెప్పే గీతలు) ఖాయం చేసే రోజున జరగాలి. ఫుటింగ్ (పిల్లర్ పునాది) పడ్డాక పిల్లర్ పక్కకి జరగదు.

మరి తర్వాత మార్క్ చేద్దామనుకున్నవాళ్లు ఏం చేస్తారు? ఉన్న రెండు స్లాట్లు కలిపి ఒకటి చేయాలి. ఆ రెండూ అప్పటికే ఎవరికో అలాట్ అయి ఉంటాయి. ఓసీ కోసం ఇన్‌స్పెక్షన్ ముంచుకొచ్చేసరికి బిల్డర్ ఆ ఇద్దరినీ బతిమాలతాడు. వాళ్లు అగ్రిమెంట్ తీసి చూపిస్తారు. పాపం, వాళ్ల తప్పేముంది? గొడవ చివరికి అసోసియేషన్ మెడకి చుట్టుకుంటుంది. వీల్‌చైర్ వాడే ఓనర్ ఒకరు ఆ బ్లాక్‌లో ఉంటే, ఏ పాపం ఎరగని ఆ మనిషి అందరికీ శత్రువైపోతాడు. ఇదంతా గ్రిడ్ దశలో ఒక గీత జరిపితే పోయేది.

"మామూలు స్లాట్ ఇస్తే ఏమైంది, కారు పడుతుంది కదా" అంటారు. కారు పడుతుంది. మనిషి దిగలేడు. నా క్లయింట్ ఒకాయన, వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ లేదు, చేతులతో బ్రేకు, యాక్సిలరేటర్ నొక్కే కంట్రోల్స్ పెట్టించుకుని కారు తనే నడుపుతాడు. ఓసారి సైట్‌కి వచ్చినప్పుడు ఎలా దిగుతాడో పక్కన నిలబడి చూశాను. ముందు డోర్ పూర్తిగా, ఇక చాలనేంత వరకు తెరిచాడు. పక్క సీట్లో పడుకోబెట్టిన వీల్‌చైర్ ఫ్రేమ్‌ని ఒక చేత్తో ఎత్తి, తన ఒడి మీదుగా బయటికి తెచ్చి నేల మీద పెట్టాడు. తర్వాత చక్రాలు ఒక్కొక్కటే తీసి ఇరుసులో టక్కుమని దిగేదాకా నొక్కాడు. కుర్చీని సీటుకి ఆనించి, బ్రేకు వేసి, ఒక చెయ్యి సీటు మీద, ఒక చెయ్యి కుర్చీ మీద ఆనించి ఒక్క ఊపులో మారాడు. ఆ తర్వాత కాళ్లు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి ఫుట్‌రెస్ట్ మీద పెట్టుకున్నాడు. ఇదంతా జరగడానికి డోరు పక్కన కావలసిన ఖాళీ 1.2 మీటర్లు. 3.6 అంకె అక్కడి నుంచే వచ్చింది: కారుకి 2.4, మనిషికి 1.2.

ఆయనకి దిగడం కంటే ఎక్కడం ఎక్కువ టెన్షన్. ఒక షాపింగ్ మాల్‌లో పని ముగించుకుని వచ్చేసరికి ఆ 1.2 మీటర్ల ఖాళీని చూపించే గీతల మీద ఎవరో కారు దూర్చేసి పోయారట. మైకులో నంబరు చెప్పించి, ఆ మహానుభావుడు సినిమా చూసి వచ్చేదాకా సెల్లార్‌లో కూర్చున్నాడు. గీతలు గీసిన ఆ చోటు వేస్ట్ స్పేస్ కాదండీ. స్లాట్‌లో అసలు భాగమే అది. అందులో పిల్లర్ రాకూడదు, జనరేటర్ రాకూడదు, వాచ్‌మన్ కుర్చీ కూడా రాకూడదు. రెండు స్లాట్లకి మధ్యలో ఉమ్మడిగా ఈ ఖాళీ ఇస్తే ఇంకా మంచిది. మన కార్లకి డ్రైవర్ కుడివైపు, పక్క సీటు ఎడమవైపు. దిగాల్సింది ఏ వైపు నుంచైనా, కారుని ముందుకో రివర్స్‌లోనో పెట్టి ఖాళీని తన వైపుకి తెచ్చుకోవచ్చు.

స్లాట్ దొరికింది, దిగారు. తర్వాత? లిఫ్ట్ దాకా వెళ్లాలి. ఇక్కడ రెండో దెబ్బ. వాన నీళ్లు లిఫ్ట్ గుంతలోకి పోకూడదని మనవాళ్లు లాబీని రెండు మెట్లు ఎత్తుతారు. ఆ రెండు మెట్లు కలిపి 30 సెంటీమీటర్లు అనుకుంటే, 1:12 వాలుతో (ఒక వంతు ఎత్తుకి పన్నెండు వంతుల పొడవు) ర్యాంప్ పొడవు 3.6 మీటర్లు కావాలి. దానికి రెండు చివర్లా కుర్చీ తిప్పుకునేంత సమతలం వేరే. ఈ చోటు ప్లాన్‌లో లేకపోతే ఆఖరు వారంలో మేస్త్రీ మిగిలిన సిమెంటుతో మెట్లకి ఆనించి ఒక వాలు పోస్తాడు. అది బైకు ఎక్కించడానికి బాగుంటుంది. దాని మీద వీల్‌చైర్ వెనక్కి తిరగబడుతుంది. సెల్లార్‌లోకి కార్లు దిగే ర్యాంపు చూపించి "ఇదుంది కదా" అనేవాళ్లు కూడా ఉన్నారు. దాని వాలు సాధారణంగా 1:8. పైగా ఎదురుగా కార్లు వస్తుంటాయి.

డ్రెయిన్ మీద గ్రేటింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కడ్డీలు నడిచే దిక్కుకి అడ్డంగా ఉండాలి. నిలువుగా వేస్తే వీల్‌చైర్ ముందున్న చిన్న చక్రాలు సందులో దిగబడి మనిషి ముందుకి పడతాడు. గ్రేటింగ్‌ని అటు తిప్పి పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

అపోహ: దివ్యాంగుల చట్టం ప్రభుత్వ ఆఫీసులకే

కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016 (అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న) సంస్థ అన్నప్పుడు ప్రభుత్వ సంస్థతో పాటు ప్రైవేటు సంస్థనీ కలిపే చెప్పింది. కంపెనీలు, ఫర్మ్‌లు, సొసైటీలు అన్నీ అందులోకి వస్తాయి. సెక్షన్ 44 రెండు ముక్కల్లో తేల్చేసింది: యాక్సెసిబిలిటీ (దివ్యాంగులకి అందుబాటు) నిబంధనలకి తగ్గట్టు ప్లాన్ లేకపోతే కట్టడానికి అనుమతి ఇవ్వకూడదు, కట్టడం తగ్గట్టు లేకపోతే కంప్లీషన్ సర్టిఫికెట్ ఇవ్వకూడదు. సెక్షన్ 89 కింద జరిమానా మొదటిసారికి 10 వేల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 వేల నుంచి 5 లక్షల దాకా. "పదివేలేగా, కట్టేద్దాం" అన్న పెద్దమనిషిని నేను చూశాను. పదివేలు కాదు చూసుకోవాల్సింది, ఆగిపోయే ఓసీ. ఓసీ లేని ఫ్లాట్లకి లోను దగ్గర్నుంచి కరెంటు మీటరు దాకా ఎన్ని తిప్పలో ఆయనకి నేను చెప్పక్కర్లేదు.

అపోహ: సుప్రీంకోర్టు రూల్స్ కొట్టేసింది, ఇక ఏమీ అక్కర్లేదు

ఇది సగం విని సగం వదిలేసిన వార్త. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనల్లో రూల్ 15 చట్టానికి విరుద్ధమని చెప్పిన మాట నిజమే. ఎందుకు విరుద్ధం? చట్టం తప్పనిసరి నియమాలు పెట్టమంటే, ఆ రూల్ పాటిస్తే మంచిదనే మార్గదర్శకాల దగ్గర ఆగిపోయిందని. అంటే కోర్టు అన్నది "మరీ మెత్తగా ఉంది, గట్టిగా రాయండి" అని. తప్పనిసరి నియమాలు మూడు నెలల్లో తయారుచేయమని కేంద్రాన్ని ఆదేశించింది. పాటించనివాళ్లకి కంప్లీషన్ సర్టిఫికెట్ ఆపడం, జరిమానా వేయడం అమలు చేయమని కూడా అదే తీర్పులో ఉంది. చట్టంలోని సెక్షన్లు చెక్కుచెదరలేదు. స్థానిక బిల్డింగ్ రూల్స్ చెక్కుచెదరలేదు. ఈ తీర్పు చూపించి స్లాట్లు తీసేద్దామనేవాళ్లు దయచేసి తీర్పు చదవండి, ఫార్వర్డ్ కాదు.

అపోహ: మా పాత అపార్ట్‌మెంట్లో నా స్లాట్ లాక్కుంటారు

ఈ ఫోన్లు చేసేవాళ్ల గొంతులో నిజంగా భయం ఉంటుంది. రిటైరయ్యాక ఉన్న డబ్బంతా ఫ్లాట్‌లో పెట్టినవాళ్లు, వాళ్లని ఏమనగలం? కంగారు పడకండి. పాత కట్టడాల గురించి చెప్పే సెక్షన్ 45 పబ్లిక్ బిల్డింగ్‌ల గురించి. అంటే జనం వచ్చిపోయే ఆసుపత్రులు, స్కూళ్లు, ఆఫీసులు, వ్యాపార సముదాయాలు లాంటివి. వాటిలో ప్రైవేటువీ ఉన్నాయి. మీరు ఉంటున్న ఇంట్లో మీకు ఇప్పటికే అలాట్ అయిన స్లాట్ తీసేసుకోమని అందులో ఎక్కడా లేదు. మీ బ్లాక్‌లో ఎవరికైనా నిజంగా అవసరం పడితే విజిటర్స్ పార్కింగ్‌లో చోటు సర్దొచ్చు, లేదా లిఫ్ట్ దగ్గరి స్లాట్ ఉన్నాయన ఇష్టపడి మార్చుకోవచ్చు. అలా మార్చుకున్నవాళ్లు నాకు తెలుసు. అసోసియేషన్ మీటింగ్‌లో తీర్మానం రాసి సంతకాలు పెట్టుకుంటే చాలు.

మిగతావి గబగబా

వీల్‌చైర్ వాడేవాళ్లు డ్రైవ్ చేయరనేది అబద్ధం. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో "అడాప్టెడ్ వెహికల్" (దివ్యాంగుల కోసం మార్చిన వాహనం) అని ప్రత్యేకంగా చేర్చారు. నడపకపోయినా పక్క సీట్లో కూర్చునే అమ్మకి, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడికి ఆ స్లాట్ కావాలి. ఊతకర్రలతో నడిచేవాళ్లకీ కావాలి.

అందరూ కార్ల గురించే మాట్లాడతారు గానీ మన దగ్గర దివ్యాంగుల్లో చాలామంది నడిపేది సైడ్ వీల్స్ బిగించిన స్కూటీ. బైకుల వరసలో అది పట్టదు, పట్టినా పక్క బైకులు ఆనుకుంటే బయటికి రాదు. లిఫ్ట్ దగ్గర ఒక స్కూటీకి వెడల్పుగా చోటు వదలమని నేను ప్రతి ప్లాన్‌లోనూ అడుగుతాను. ప్రతిసారీ "ఎవరొస్తారు సార్" అంటారు. చోటు లేనిచోటికి ఎవరొస్తారు?

యంత్రంతో కార్లని ఒకదాని మీద ఒకటి ఎత్తి పెట్టే మెకానికల్ స్టాక్ పార్కింగ్‌లో ఒక ప్లాట్‌ఫారం చూపించి ఇదే దివ్యాంగుల స్లాట్ అనకండి. ఇనుప పట్టాల మధ్య కుర్చీ ఎక్కడ పెట్టాలి?

ఆ స్లాట్‌ని ఎక్కువ రేటుకి అమ్ముతామనే బిల్డర్లకి: ఓపెన్ పార్కింగ్ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం కామన్ ఏరియా. అమ్మడానికి అది మీది కాదు.

ఖాళీగా ఉంది కదా, కాసేపు పెట్టుకుంటే ఏంటి? ఫైర్ ఇంజన్ దారి కూడా ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

కొనేవాళ్లు ఏం చూసుకోవాలి

బ్రోషర్ పక్కన పెట్టి శాంక్షన్ ప్లాన్‌లో (మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్) స్టిల్ట్ లేదా సెల్లార్ షీట్ అడగండి. దివ్యాంగుల స్లాట్ గీసి ఉందా, వెడల్పు అంకె వేసి ఉందా, అక్కడి నుంచి లిఫ్ట్‌కి మధ్యలో మెట్లున్నాయా చూడండి. పిల్లర్లు లేచిన సైట్ అయితే టేప్ తీసుకెళ్లి పిల్లర్ ముఖం నుంచి పిల్లర్ ముఖానికి కొలవండి. సెంటర్ నుంచి సెంటర్‌కి చెప్పే అంకెలో పిల్లర్ మందం కూడా కలిసిపోతుంది, మోసపోతారు.

తేడా కనిపిస్తే బిల్డర్‌కి రాతపూర్వకంగా చెప్పండి. కదలిక లేకపోతే ఓసీ ఇవ్వకముందే మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగానికి, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పెట్టండి. ఓసీ వచ్చేశాక కూడా ఫిర్యాదు చెల్లుతుంది గానీ అప్పటికి బిల్డర్‌కి తొందర ఉండదు, మీకే ఉంటుంది. ఫిర్యాదులో పర్మిట్ నంబరు, కొలిచిన వెడల్పు, టేప్ కనిపించేలా ఫోటో పెట్టండి. "సరైన వసతులు లేవు" అని మాత్రమే రాస్తే "వసతులు ఉన్నవి" అని జవాబు వస్తుంది.