విశ్వాసికి దిగులు రాకూడదా? నేను తరచుగా వినే అపోహలు, అసలు వాస్తవాలు

క్రైస్తవ సంఘంలో కౌన్సెలింగ్ కోసం నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ముందుగా తమ బాధ చెప్పరు. "నాకు విశ్వాసం తగ్గిందేమో" అని మొదలుపెడతారు. మూడు వారాలుగా నిద్ర లేదని, అన్నం సహించడం లేదని ఎప్పటికో గాని బయటపడదు. బాధ ఒక ఎత్తు, బాధపడుతున్నందుకు సిగ్గు మరో ఎత్తు. ఆ సిగ్గును చాలాసార్లు మోపింది సంఘంలోని మనమే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నిజమైన విశ్వాసి కుంగిపోడు.

బైబిలులో మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం తెరవండి. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం కళ్లారా చూసిన ప్రవక్త ఏలీయా, రాణి యెజెబెలు బెదిరింపు విని అరణ్యంలోకి పారిపోయాడు. బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆయనను గద్దించలేదు, నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపితే తల దగ్గర నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి కూడా లేపి తినమన్నాడు, ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి. "ఇక్కడ ఏమి చేస్తున్నావు?" అన్న ప్రశ్న ఆ తర్వాత 40 రోజులు నడిచి హోరేబు చేరాక గాని రాలేదు.

ఎవరు వచ్చినా ముందు నిద్ర గురించి, తిండి గురించి అడగడం నేను ఈ అధ్యాయం నుంచే నేర్చుకున్నాను. అందుకే, తిండీ నిద్రా లేక నీరసించిపోయిన మనిషికి ఉపవాసం, రాత్రంతా ప్రార్థన చేయమని సలహా ఇస్తుంటే నాకు భయం వేస్తుంది. బైపోలార్ సమస్య (మనసు ఒకప్పుడు అతి ఉత్సాహానికి, ఒకప్పుడు దిగులుకు ఊగిసలాడే జబ్బు) ఉన్నవారికి నిద్ర కరువైతే అదే ఉన్మాదస్థితిని రేపవచ్చు. మందులు వాడేవారు ఉపవాసానికి ముందు డాక్టరును తప్పక అడగాలి.

అపోహ: చింతపడటం పాపం.

"దేనినిగూర్చియు చింతపడకుడి" అన్న ఫిలిప్పీ పత్రిక (అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన లేఖ) మాటను బాధలో ఉన్నవారి మీద బెత్తంలా వాడుతున్నాం. ఆ మాట రాసినప్పుడు పౌలు సంకెళ్లలో ఉన్నాడు. అదే పౌలు రెండవ కొరింథీ పత్రిక 11వ అధ్యాయంలో, సంఘాలన్నిటిని గూర్చిన చింత ప్రతిరోజూ తన మీద భారంగా ఉందని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. పైగా ఫిలిప్పీ వాక్యం అక్కడితో ఆగదు, మీ విన్నపాలు దేవునికి తెలియజేయండని సాగుతుంది. చింత ఉంటే దాన్ని ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పే మాట అది.

నేను ఒక కాగితం ఇచ్చి, మనసులో తిరుగుతున్నవన్నీ వరుసగా రాయమంటాను. "అంతా మంచే జరగాలి ప్రభువా" అని ప్రార్థించేవారు, రాశాక "గురువారం ఆపరేషన్ అంటే భయంగా ఉంది, మత్తులోంచి లేవనేమోనని ఉంది" అనగలుగుతారు. అప్పటిదాకా బిగబట్టిన భుజాలు ఆ వాక్యం దగ్గర కిందికి దిగడం చాలాసార్లు చూశాను.

అపోహ: పరలోకం ఉందని నమ్మేవారు ఏడవకూడదు.

చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని పౌలు రాశాడు, దుఃఖమే వద్దనలేదు. 88వ కీర్తన అయితే స్తుతితో కాక చీకటితోనే ముగుస్తుంది. దాన్ని ఎవరూ గ్రంథంలోంచి తీసివేయలేదు.

అపోహ: మాత్రలు వేసుకుంటే దేవుని మీద నమ్మకం లేనట్టే.

ఒక సోదరి మాత్రల అట్టను బైబిలు జిప్పు కవరు లోపలి అరలో దాచుకునేవారు. ఒక ఆదివారం పాటల పుస్తకం తీస్తుంటే అది జారి కింద పడింది. పక్కనున్నవారు చూసిన చూపుకే ఆమె ఆ రాత్రి నుంచి మాత్రలు మానేశారు. నాలుగు రోజుల్లో తల తిరగడం, చిరాకు, నిద్రలేమి వచ్చాయి. కొన్ని వారాలకు పాత దిగులు తిరిగి వచ్చింది.

కుంగుబాటుకు ఇచ్చే మందులు పనిచేయడం మొదలుకావడానికే సాధారణంగా 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. బాగుందనిపించాక కూడా డాక్టరు చెప్పినంతకాలం వాడాలి. మానాలంటే ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు, ఆ సంగతి పౌలే కొలొస్సయి పత్రికలో ప్రేమతో ప్రస్తావించాడు. బి.పి. మాత్రకు లేని అభ్యంతరం ఈ మాత్రకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అపోహ: "చనిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుంది.

అవదు. సూటిగా అడగండి. అడిగినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. మోషే, యోనా కూడా తమకు చావు రావాలని దేవునితోనే అన్నారు, కాబట్టి ఆ మాట విని హడలిపోయి వాక్యాలు వల్లించకండి. అవునంటే వారిని ఒంటరిగా వదలకండి. మాత్రలు, హాని చేసుకునే వస్తువులు అందకుండా చేయండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, ప్రార్థన దారిలో చేయవచ్చు. మర్నాడు ఫోను చేయండి, ఆ వారమంతా చేయండి.