నాలుగు వలలేస్తే గుంట సంగతి తెలుస్తుంది
మా ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నోళ్లు కౌంట్ చూడాలంటే గుంటంతా తోడరు కదా, విసురు వల నాలుగు చోట్ల వేసి, పడినవాటిని తూకం పెట్టి కేజీకి ఎన్ని వస్తున్నాయో చూసుకుంటారు, దాన్నిబట్టే మేత. మన కోడ్‌ని వేగంగా నడిచేలా మలచడానికి కంపైలర్లు కూడా ఇప్పుడు ఇట్టానే, నడుస్తున్న ప్రోగ్రామ్ నుంచి శాంపిల్స్ తీసి, చేస్తా ఉన్నాయి.

మనం రాసిన కోడ్‌ని ప్రాసెసర్ భాషలోకి మార్చే కంపైలర్‌కి కోడ్ కనిపిస్తుందేగానీ అది నడిచేది కనిపించదు. ఇట్టయితే ఇటు, లేకపోతే అటు అని చెప్పే ఒక ఇఫ్ దగ్గర ఎటు ఎక్కువసార్లు పోతుందో ఊహించుకోవాల్సిందే. పాత పద్ధతిలో కోడ్ నిండా లెక్కపెట్టే కౌంటర్లు ఇరికించి నడిపేవాళ్లు, లెక్క బాగానే వస్తుంది గానీ ప్రోగ్రామ్ బాగా నెమ్మదిస్తుంది, అందుకని జనం వాడే సర్వర్ మీద పెట్టలేక టెస్ట్ డేటాతో సరిపెట్టుకునేవాళ్లు, అది అసలు వాడకంలా లేకపోతే ఆ లెక్కే తప్పుదారి పట్టిస్తుంది.

శాంపిలింగ్‌లో కోడ్‌ని ముట్టుకోరు. ప్రాసెసర్‌లోనే ఉన్న కౌంటర్ ఒక లెక్క దాకా నిండగానే, ఆ క్షణాన ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరున్నామో లినక్స్‌లో పెర్ఫ్ అనే టూల్ రాసుకుంటుంది. ఇంటెల్ చిప్పుల్లో ఎల్‌బీఆర్ (లాస్ట్ బ్రాంచ్ రికార్డ్) అని ఇంకోటి ఉంది, చివరి 16 లేదా 32 జంప్‌లు ఎక్కడ్నుంచి ఎక్కడికి పోయాయో గుర్తుపెట్టుకుంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఒక్కసారి తొంగిచూస్తే వచ్చిన దారంతా దొరుకుతుంది.

దాంతో కంపైలర్ ఎక్కువగా పిలిచే చిన్న ఫంక్షన్‌ని పిలిచినచోటే ఇన్‌లైన్ చేసేస్తుంది, అంటే దాని కోడ్‌ని అక్కడే అతికించేస్తుంది, ఎప్పుడూ కలిసి నడిచే ముక్కల్ని పక్కపక్కన పేర్చి, ఎర్రర్ వస్తే తప్ప నడవనిదాన్ని దూరంగా పెడుతుంది. నడవాల్సిన కోడ్‌ని ప్రాసెసర్ చేతికందేలా పెట్టుకునే ఇన్‌స్ట్రక్షన్ క్యాష్ చాలా ప్రాసెసర్లలో 32 కేబీనే, అంత ఇరుకులో పనికొచ్చే కోడ్ మాత్రమే ఉంటే ఎంత తేడానో చూడండి!

అసలు చిక్కేందంటే శాంపిల్‌లో ఉండేది మెమరీ అడ్రస్, కంపైలర్‌కి కావాల్సింది మనం రాసిన సోర్స్ లైన్, ఏ అడ్రస్ ఏ లైన్‌దో చెప్పే డీబగ్ సమాచారం ఆ రెంటినీ కలుపుతుంది. అట్టా కలిపి తయారుచేసిన లెక్కల ఫైలే ప్రొఫైల్. గూగుల్ 2016లో పేపర్‌గా వివరించిన ఆటోఎఫ్‌డీవో అనే ఇట్టాంటి పద్ధతిలో లైన్ నంబర్‌ని ఫైల్ మొదట్నుంచి కాక ఫంక్షన్ మొదట్నుంచి లెక్కిస్తారు, అందువల్ల పైన ఎవరో నాలుగు లైన్లు చేర్చినా కింది ఫంక్షన్ల పాత ప్రొఫైల్ పనికొస్తుంది. మామూలు ప్రోగ్రామర్లకి దీన్ని బాగా దగ్గర చేసింది గో భాషే అంటాను, 2023లో వచ్చిన 1.21 నుంచి ప్రొఫైల్ ఫైల్‌ని డీఫాల్ట్ డాట్ పీజీవో అనే పేరుతో మెయిన్ ప్యాకేజీ ఫోల్డర్లో పెడితే చాలు, ఆ వర్షన్‌కి వాళ్లు చెప్పిన లాభం 2 నుంచి 7 శాతం.

వలలో పడలేదని గుంటలో ఆ రొయ్య లేనట్టు కాదు కదా. శాంపిల్లో కనపడని కోడ్‌ని కూడా కంపైలర్ తీసెయ్యదు, పక్కన పెడుతుందంతే, కాబట్టి ప్రొఫైల్ తప్పయినా ప్రోగ్రామ్ కాస్త నెమ్మదిగా నడుస్తుందేమోగానీ జవాబు మారదు.