అడవి చదువులో జనం ఎందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

మారుతున్న వాతావరణంలో అడవుల్ని, వాటిని నమ్ముకుని బతికే మనుషుల్ని కలిపి పీజీలోనో పీహెచ్‌డీలోనో చదవాలనుకునే స్టూడెంట్స్‌తో తరచూ మాట్లాడుతుంటాను. ఆసక్తి గట్టిదే, కానీ కొన్ని అపోహల్ని చేరకముందే వదిలించుకోవాలి, లేకపోతే మొదటి ఏడాదంతా వాటిని సరిచేసుకోవడానికే సరిపోతుంది.

అపోహ: ఇది చెట్ల చదువు, బోటనీ వస్తే చాలు

చెట్లు తెలియాలి, అందులో అనుమానం లేదు. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో టేపు చుట్టి మాను లావు కొలవడం, బోరర్ అనే సన్నటి గొట్టంతో మానుని తొలిచి వయసు చెప్పే వలయాలు లెక్కపెట్టడం త్వరగానే చేతికొస్తాయి. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. అమెరికా పశ్చిమ ప్రాంతంలోని పాండెరోసా పైన్ అడవుల్లో ఒక పాత మొద్దుని అడ్డంగా కోసి నున్నగా చేసి చూడండి. చిన్న మంట తగిలి, మళ్లీ మానిన నల్లటి మచ్చలు కొన్నేళ్లకొకటి చొప్పున వరసగా కనిపిస్తాయి. చాలా చోట్ల 19వ శతాబ్దం చివరికొచ్చేసరికి ఆ వరస ఆగిపోతుంది. అక్కడ వానలు మారాయనుకుంటే పొరపాటే. మంట పాకడానికి కావాల్సిన గడ్డిని పశువుల మందలు మేసేశాయి, తరతరాలుగా కావాలనే చిన్న మంటలు పెట్టే మూలవాసుల్ని అక్కణ్నుంచి వెళ్లగొట్టారు, ఆపైన ప్రభుత్వమే మంటలార్పడం మొదలుపెట్టింది. ఇదంతా తెలియకపోతే ఆ మొద్దుని మీరు సగమే చదివినట్టు.

అపోహ: అడవిలో మంట కనపడితే వెంటనే ఆర్పాల్సిందే

అమెరికా అటవీశాఖ 1935లో సరిగ్గా ఇదే రూలు పెట్టింది: మంట కనపడిందంటే మర్నాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి రావాలి. దశాబ్దాల తరబడి అలా ఆర్పుకుంటూ పోతే పొదలు, ఎండు కొమ్మలు, సన్నచెట్లు కింద పేరుకుపోయాయి. ఇప్పుడు ఎండాకాలాలు మరింత వేడిగా, పొడిగా మారేసరికి అంటుకున్న మంట నేల మీద ఆగకుండా చెట్ల తలలకి ఎగబాకుతోంది. ఉత్తర కాలిఫోర్నియాలో క్లామత్ నది ప్రాంతంలోని కారుక్, యూరోక్ మూలవాసులు బుట్టలల్లే హేజెల్ పొద రెమ్మలు నిటారుగా రావడానికి కూడా మంట పెట్టేవాళ్లు, ఆ విద్యని ఇప్పుడు మళ్లీ నిలబెట్టుకుంటున్నారు. ఉత్తర ఆస్ట్రేలియా సవన్నాల్లో, అంటే చెట్లు పలచగా ఉండే గడ్డిమైదానాల్లో, ఎండాకాలం మొదట్లోనే చిన్నచిన్న ముక్కలుగా కాల్చే ఆదివాసుల పద్ధతి వల్ల చివర్లో వచ్చే పెద్ద మంటలు తగ్గుతాయి, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కూడా తక్కువ వెలువడతాయి, అలా తగ్గించిన వాయువులకి లెక్కకట్టి, అమ్ముకోగలిగే కార్బన్ క్రెడిట్లు సైతం ఇస్తున్నారు. అలాగని ప్రతి అడవికీ ఇది పనికొస్తుందని కాదు. తేమతో నిండిన ఉష్ణమండల వర్షారణ్యాల్లో చెట్ల బెరడు చాలావరకు పలచగా ఉంటుంది, చిన్న మంట కూడా వాటిని చంపేస్తుంది.

అపోహ: మనుషుల్ని బయటికి పంపేస్తే అడవి దానంతటదే బాగుపడుతుంది

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే దీని పేరు మీద ఎన్నో కుటుంబాలు ఇళ్లు వదులుకున్నాయి. ఉమ్మడి వనరుని ఎవరికి వాళ్లు దోచుకుని పాడుచేస్తారని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికా జీవశాస్త్రవేత్త రాశాడు. రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతా నిజంగా ఉన్న ఉమ్మడి అడవుల్ని, చెరువు కాలువల్ని, చేపల రేవుల్ని పరిశీలించి, జనం సొంతంగా నియమాలు పెట్టుకుని వందల ఏళ్లు కాపాడుకున్న సందర్భాలూ ఉన్నాయని చూపించింది. 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. పశ్చిమ ఆఫ్రికా దేశం గినీలోని కిసిడుగు ప్రాంతం సంగతి చూడండి. ఊళ్ల చుట్టూ ఉన్న చిన్న అడవులు ఒకప్పటి మహారణ్యంలో మిగిలిన ముక్కలని, మిగతాదంతా ఊరివాళ్లే నరికేశారని అధికారులు దశాబ్దాలపాటు నమ్మారు. మానవశాస్త్రవేత్తలు జేమ్స్ ఫెయిర్‌హెడ్, మెలిసా లీచ్ పాత వైమానిక ఫోటోలు వెతికి, ముసలివాళ్లని కూర్చోబెట్టి అడిగితే తేలిందేమిటంటే, గడ్డిమైదానంలో ఆ అడవుల్ని పెంచింది ఊరివాళ్లే!

దీని పక్కనే ఇంకో అపోహ ఉంది, ఊరి చేతికి అప్పగిస్తే చాలు అని. నేపాల్లో 1993 అటవీ చట్టం తర్వాత అడవిని వాడుకునే ఊరివాళ్లే దాన్ని చూసుకునే వినియోగదారుల సంఘాలు వేల సంఖ్యలో ఏర్పడ్డాయి, కొండల మీద పచ్చదనం తిరిగొచ్చింది. అదే సమయంలో కొన్ని చోట్ల కమిటీలు అడవిని మూసేసేసరికి, పొలం లేని పేదవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, కట్టెల కోసం ఇంకా దూరం నడవాల్సి వచ్చింది. "ఊరు" అన్నప్పుడల్లా ఊళ్లో ఎవరు అని అడగాలి.

అపోహ: మొక్కలు నాటడమే వాతావరణ మార్పుకి మందు

ఎక్కడ, ఏ మొక్క, ఎవరి భూమిలో అన్నవి తేలకుండా నాటితే నష్టమే జరగొచ్చు. సహజమైన గడ్డిభూముల్లో నాటితే అక్కడి జీవజాతులు పోతాయి, పశువులకి మేత పోతుంది. పైగా ఇవాళ నాటింది ఎనభయ్యేళ్ల తర్వాతి ఎండల్ని తట్టుకోవాలి, అందుకే కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో విత్తనం ఎక్కణ్నుంచి తేవాలన్న నియమాల్నే రాబోయే వాతావరణం లెక్కలోకి తీసుకుని మార్చుకున్నారు. పైన్ బీటిల్ అనే పురుగుని అదుపులో ఉంచే గడ్డకట్టే చలి సరిగా రాకపోవడం, ఒకే వయసు పైన్ చెట్లు ఎక్కువగా ఉండటం కలిసి అక్కడ దాదాపు 1.8 కోట్ల హెక్టార్ల అడవి ఆ పురుగు బారిన పడింది.

అపోహ: ఉపగ్రహ చిత్రాలుండగా ఫీల్డ్‌వర్క్ ఎందుకు?

ల్యాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, అది గొప్ప వరం, తప్పకుండా నేర్చుకోండి. కానీ ఒక్కో చుక్క 30 మీటర్ల నేలని చూపించే ఆ చిత్రాల్లో యూకలిప్టస్ తోట కూడా పచ్చగానే ఉంటుంది, ఆ పచ్చదనం మీద హక్కు ఎవరిదో అందులో కనపడదు.

అపోహ: ఇంటర్వ్యూలు తేలిక, ఫారం నింపించుకుంటే అయిపోతుంది

అడవిలో కట్టె కొడితే జరిమానా వేసే చోటికి వెళ్లి "మీరు కట్టెలు తెస్తారా?" అని అడిగితే ఎవరైనా "లేదండీ" అనే అంటారు. ఆ "లేదు"లు పోగేసి గ్రాఫ్ గీస్తే అందంగానే ఉంటుంది, నిజం మాత్రం ఉండదు. ఇంటి పెద్దని పిలిచి అడిగితే సాధారణంగా మగవాళ్లు వస్తారు, రోజూ అడవికి వెళ్లేది మాత్రం చాలా చోట్ల ఆడవాళ్లు. ఏ నెలలో ఏం దొరుకుతుందో వాళ్లతో నడుస్తూ అడగండి, ముప్పై ఏళ్ల కిందట ఈ పూత ఎప్పుడొచ్చేది అని అడగండి, ఏ వాతావరణ కేంద్రం దగ్గరా లేని సంగతులు బయటికొస్తాయి. మనుషులతో చేసే పరిశోధనకి కమిటీ ఇచ్చే ఎథిక్స్ అనుమతికి నెలలు పట్టొచ్చు, టైమ్‌టేబుల్లో ముందే చోటివ్వండి. కాగితం మీద సంతకం అంటే భయపడేవాళ్లుంటారు, వాళ్ల దగ్గర నోటిమాట అంగీకారం తీసుకోవడానికి కమిటీని ముందే ఒప్పించుకోండి. వాళ్లు చూపించిన అరుదైన మందుమొక్క ఎక్కడుందో మ్యాపులో వేసి అచ్చువేస్తే మర్నాటికి దోచుకునేవాళ్లు దిగొచ్చు, కాబట్టి ఏది ప్రచురించాలో వాళ్లనే అడగాలి. థీసిస్ సమర్పించాక ఫలితాలు వాళ్ల భాషలో వాళ్లకి చెప్పడానికి ఒక ప్రయాణం ఖర్చు బడ్జెట్లో రాసుకోండి. సూపర్‌వైజర్ని ఎంచుకునేటప్పుడు, తన పాత స్టూడెంట్స్ ఆ పని చేశారా అని అడిగి తెలుసుకోండి.