ఎండాకాలంలో ఫ్రెట్లు ఎందుకు గుచ్చుకుంటాయి?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని ఇలా అడిగింది: "సార్, నేను ఆగస్టులో కొత్త గిటార్ కొనుక్కున్నాను. అప్పుడు మెడ మీద చెయ్యి జారిస్తే నున్నగా ఉండేది. ఏప్రిల్ వచ్చేసరికి ఫ్రెట్ల చివర్లు రెండు పక్కలా వేళ్ళకు గీసుకుంటున్నాయి. వేడికి లోహం వ్యాకోచిస్తుందని చదువుకున్నాం కదా, అవి పెరిగాయా?"

పెరగలేదమ్మా. లెక్క చూద్దాం. ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు పట్టీలు. అవి దిగిన చెక్క ఫింగర్‌బోర్డు. దాని వెడల్పు సుమారు 50 మి.మీ. ఆగస్టులో కంటే ఏప్రిల్‌లో నీ గది 10 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకున్నా, అంత పొడవున్న లోహం సాగేది మిల్లీమీటరులో వందో వంతు కూడా కాదు. అది వేలికి తెలియదు. లోహం దాదాపు ఉన్నచోటే ఉంది. దాని కింది చెక్క అడ్డంగా అర మిల్లీమీటరు దాకా ముడుచుకుపోయి, ఫ్రెట్ల చివరలను రెండు పక్కలా బయటపెట్టింది.

చేత్తో గిటార్ తయారు చెయ్యడం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఈ ప్రశ్న వచ్చాక మిగతా విషయాలన్నీ పక్కనపెట్టేశాను. గిటార్‌కు ఎన్ని తీగలు, శ్రుతి ఎలా చెయ్యాలి వంటివి ఎక్కడైనా దొరుకుతాయి. గిటార్ చేసేవాడికి రాత్రిళ్ళు నిద్రపట్టకుండా చేసేది మాత్రం ఈ ముడుచుకోవడమే.

వరికోతలయ్యాక కట్టిన గడ్డిమోపు ఒకటి గుర్తుచేసుకోండి. బాగా బిగించి కట్టిన మోపు. నిలబెట్టి పైనుంచి నొక్కితే సులువుగా లొంగదు. పడుకోబెట్టి మోకాలితో అదిమితే అణిగిపోతుంది. తాడు విప్పితే ఏ పరకకు ఆ పరక విడిపోతుంది. వానకు తడిస్తే ప్రతి పరకా కొంచెం లావెక్కుతుంది, మోపు చుట్టుకొలత పెరిగి తాడు బిగుసుకుంటుంది. అయినా మోపు పొడవు పెరగదు. చెక్క గురించి ఈ వ్యాసంలో నేను చెప్పబోయేదంతా ఈ మోపులో ఉంది.

గిటార్ పై పలకకు ఎక్కువగా వాడేది స్ప్రూస్. ఇది చలిదేశాల్లో పెరిగే సూదాకుల చెట్టు. దాని చెక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే నిజంగానే గడ్డిమోపు కనిపిస్తుంది. సుమారు 3 మి.మీ. పొడవు, వెంట్రుకలో సగం మందం కూడా లేని బోలు గొట్టాలు వేల సంఖ్యలో ఒకే దిక్కుగా అంటుకుని ఉంటాయి. వాటి గోడల్లో సెల్యులోజ్ పోగులు దాదాపు నిలువుగా పరుచుకుని ఉంటాయి. గొట్టాలను అంటించే జిగురు లిగ్నిన్.

ఇక అంకెలు. పీచు వెంట స్ప్రూస్ యంగ్ గుణకం, అంటే దాని బిగువును చెప్పే సంఖ్య, సుమారు 11 గిగాపాస్కల్స్. సాంద్రత ఘనమీటరుకు సుమారు 430 కిలోలు. మొదటిదాన్ని రెండోదానితో భాగించి వర్గమూలం తీస్తే చెక్కలో శబ్దవేగం వస్తుంది: సెకనుకు దాదాపు 5,000 మీటర్లు. ఇదే లెక్క ఉక్కుకు చెయ్యండి. 200 గిగాపాస్కల్స్, 7,850 కిలోలు. మళ్ళీ దాదాపు 5,000 మీటర్లే! ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు నేను నమ్మలేక మళ్ళీ చేశాను. చెట్టులో పెరిగిన బోలు గడ్డిమోపు శబ్దాన్ని ఉక్కుతో సమానమైన వేగంతో మోస్తుంది, బరువు మాత్రం ఉక్కులో పద్దెనిమిదో వంతు. తీగ దగ్గర ఉన్నది కాస్త శక్తి. బరువైన పలకను ఊపడానికి అది చాలదు. తేలికగా ఉండాలి, బిగువుగానూ ఉండాలి. ఈ రెండూ స్ప్రూస్ అంత బాగా కలిసిన చెక్కలు చాలా తక్కువ.

అదే పలకలో అడ్డంగా చూస్తే గుణకం ఒక గిగాపాస్కల్ కూడా ఉండదు, వేగం 1,400 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఒకే పలకకు రెండు స్వభావాలు.

ఇక్కడ మన పాఠాల గురించి ఒక మాట చెప్పాలి. మనం యంగ్ గుణకాన్ని ఎప్పుడూ ఉక్కు తీగకు బరువులు వేలాడదీసే నేర్పుతాం. పిల్లలకు ఒక పదార్థానికి ఒకే గుణకం ఉంటుందనే అభిప్రాయం స్థిరపడిపోతుంది. చెక్క స్థితిస్థాపకతను పూర్తిగా చెప్పాలంటే తొమ్మిది స్వతంత్ర సంఖ్యలు కావాలి: నిలువు, వ్యాసార్ధం, వలయం అనే మూడు దిక్కులకు మూడు యంగ్ గుణకాలు, మూడు విరూపణ గుణకాలు (పక్కకు ఒరగకుండా ఎంత ఎదురుతిరుగుతుందో చెప్పేవి), మూడు పాయిజాన్ నిష్పత్తులు (ఒక దిక్కున సాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పేవి). తొమ్మిదీ నేర్పనక్కర్లేదు. ప్రయోగశాలలో ఒక్కొక్కరికి అరచెయ్యంత పల్చటి చెక్క ముక్కనిచ్చి రెండు దిక్కులా వంచి చూడమంటే చాలు. ఆ తేడా తగిలిన వేళ్ళు ఇంకెప్పటికీ మర్చిపోవు.

ఇక నా సొంత అనుభవం. నా మొదటి గిటార్‌ను ఇంట్లోనే, ఒక ఆగస్టులో చేశాను. పై పలకను చిత్రిక పట్టి (పాతబస్తీ వడ్రంగులు చిత్రికను రంద అంటారు) 3 మి.మీ. నుంచి కిందికి తెస్తూ, ప్రతి నాలుగు పోట్లకు ఒకసారి కుండ కొనేటప్పుడు తట్టినట్టు తట్టి విన్నాను. బిగువు మందానికి ఘనంగా మారుతుంది. 3 నుంచి 2.7కు దిగితే పోయే మందం పదో వంతే, పోయే బిగువు మాత్రం 27 శాతం. అందుకే చివరి పోట్లకు చెయ్యి వణుకుతుంది. తర్వాత లోపలి వైపు బద్దలు అంటించాను. ఉక్కు తీగలు ఆరింటినీ బిగిస్తే గిటార్ మీద పడే లాగుడు దాదాపు 70 కిలోలు. ఒక పెద్దమనిషి బరువు. మూడు మిల్లీమీటర్లు కూడా లేని పలక ఒంటరిగా దాన్ని కాయలేదు. అందుకే ఎక్స్ ఆకారంలో రెండు బద్దలు, వాటి చుట్టూ ఇంకొన్ని. మోపుకు అడ్డంగా కట్టిన కర్రలన్నమాట.

గిటార్ మోగింది. దసరాకు ఇల్లంతా విన్నారు. తర్వాతి ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గోడకు వేలాడుతున్న గిటార్ నుంచి టప్‌మని చప్పుడొచ్చింది. బ్రిడ్జి (పై పలక మీద తీగలను పట్టి ఉంచే చెక్క) కింద నుంచి అంచు దాకా పీచు వెంట సన్నటి చీలిక. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

లెక్క వేసి చూస్తే అది చీలకుండా ఉంటేనే ఆశ్చర్యం. చెక్క ఎంత ఎండినా గాలితో నీళ్ళు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. వానాకాలంలో మన గదుల్లో చెక్కలో తేమ 14 శాతం దాకా చేరుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో హైదరాబాద్ గాలి తేమ 30 శాతం లోపుకు పడిపోయినప్పుడు చెక్క తేమ 7 శాతానికి దిగుతుంది. చెక్కలో తేమ ఒక్క శాతం తగ్గితే స్ప్రూస్ పలక వెడల్పు సుమారు 0.15 శాతం తగ్గుతుంది. ఏడు శాతానికి ఒక శాతం పైనే. పలక వెడల్పు 400 మి.మీ. అంటే 4 మి.మీ. ముడుచుకోవాలి. అడ్డంగా అంటించిన బద్దల సంగతేమిటి? వాటి పీచు పలక పీచుకు అడ్డంగా నడుస్తుంది. అవీ ఎండుతాయి, అయితే మోపు పొడవు మారదు కదా, అవి పొడవులో తగ్గవు. పలక తగ్గాలంటుంది, బద్ద తగ్గనివ్వదు. అడ్డంగా లాగితే స్ప్రూస్ అర శాతం కూడా సాగకముందే విడిపోతుంది. తాడు విప్పిన మోపులా.

వానాకాలంలో బిగుసుకుపోయే తలుపు అందరిళ్ళలోనూ ఉంటుంది. మన వడ్రంగులకు ఈ బాధ తరతరాలుగా తెలుసు. అందుకే తలుపు మధ్య పలకను చట్రం గాడిలో జిగురు పెట్టకుండా వదులుగా కూర్చుతారు. అది తన ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంది, తగ్గుతుంది. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. వదులుగా ఉన్న పలక గరగరలాడుతుంది, తీగల లాగుడునూ మొయ్యదు. అంటించి తీరాలి. అంటించినా చీలకూడదు.

దారులు మూడు. ఒకటి, దుంగను కోసే తీరు. పలక ముఖం వలయాలకు లంబంగా ఉండేట్టు, అంటే కేంద్రం నుంచి బెరడు వైపు కోస్తే ముడుచుకోవడం దాదాపు సగమవుతుంది. మంచి గిటార్ల మీద కనిపించే తిన్నని సన్నగీతలు ఈ కోత గుర్తు, అలంకారం కాదు. రెండు, బద్దల అడుగును కొంచెం విల్లులా చెక్కి అంటించడం. పలక గుమ్మటంలా అతి కొద్దిగా ఉబ్బుతుంది. ఎండినప్పుడు చీలే బదులు ముందు ఆ ఉబ్బు తగ్గుతుంది, అది కొంత ముడుచుకోవడాన్ని మింగేస్తుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం: బద్దలు అంటించే రోజు. గాలిలో తేమ 45 శాతం ఉన్నప్పుడు అంటిస్తే తేమ ఇటు పెరిగినా అటు తగ్గినా పలక తట్టుకోగలుగుతుంది. నేను వానాకాలంలో, పలక ఉబ్బిపోయి ఉన్నప్పుడు అంటించాను. ఇప్పుడు సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పొడి మధ్యాహ్నాల్లోనే బద్దల పని పెట్టుకుంటాను. దానికి ముందు అదే పలక నుంచి కోసిన చిన్న ముక్కను నగల త్రాసు మీద రోజూ తూచి రాసుకుంటాను. పూర్తిగా ఎండితే 10 గ్రాములుండే ముక్క ఆగస్టులో 11.4 తూగుతుంది, ఏప్రిల్‌లో 10.7. అంకె 10.8, 10.9 దగ్గర నాలుగు రోజులు కదలకుండా నిలిస్తే జిగురు తీస్తాను.

అమావాస్యకు నరికిన చెట్టు చీలదని నమ్మేవాళ్ళు యూరప్ గిటార్ పనివాళ్ళలోనూ ఉన్నారు, వెదురు నరకడానికి తిథి చూసే మా ఊరివాళ్ళలోనూ ఉన్నారు. ఇద్దరి ఓపికనూ గౌరవిస్తాను. కానీ ఏళ్ళ తరబడి గదిలో ఆరిన పలకలో ఎంత నీరుందో నిర్ణయించేది ఆ గది గాలి. నరికిన రాత్రి చంద్రుడు ఎక్కడున్నాడో త్రాసుకు తెలియదు.

వెనక పలకకు, పక్కలకు పేరున్న చెక్క రోజ్‌వుడ్. మన జిట్రేగి. రెండు మిల్లీమీటర్ల పట్టీని తడిపి వేడి గొట్టానికి ఆనించి నొక్కితే, తడిసిన లిగ్నిన్ నూరు డిగ్రీల దగ్గర మెత్తబడి, గొట్టాలు ఒకదాని మీదుగా ఒకటి జారి, పట్టీ నడుము వంపు తిరుగుతుంది. చల్లారితే అలాగే నిలిచిపోతుంది. చేతికింద చెక్క ఒక్కసారిగా లొంగే ఆ క్షణం కోసమే నేను ఇంకా గిటార్లు చేస్తున్నాననిపిస్తుంది.

అయితే ఖరీదైన వెనక చెక్కే శబ్దాన్నిస్తుందన్న మాట నిలబడదు. స్పెయిన్‌లో ఆంటోనియో దె టోరెస్ 1862లోనే పక్కలూ వెనక భాగమూ కాగితపు గుజ్జుతో చేసి, పై పలక మాత్రం మంచి స్ప్రూస్‌తో పెట్టి ఒక గిటార్ తయారు చేశాడు. శబ్దమంతా పై పలకదేనని చూపించడానికి. అది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు వెనక, పక్కల చెక్క ఒక్కటే తేడాగా ఆరు గిటార్లు చేయించి, 52 మంది గిటార్ వాయించేవాళ్ళకు ఏది ఏ గిటారో కనపడకుండా చేసి వాయించమన్నారు. ఖరీదైన చెక్కకూ చవకదానికీ వాళ్ళిచ్చిన మార్కుల్లో పెద్ద తేడా రాలేదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారాన్ని 1992 నుంచి అంతర్జాతీయంగా నిషేధించాల్సి వచ్చేంతగా ఆ చెట్లను నరికేశారు. ఆ నష్టాన్ని తలచుకుంటే ఈ ఫలితం నాకు బాధ కలిగిస్తుంది.

బొబ్బిలి వీణ దగ్గర ఈ కథ వేరేగా నడుస్తుంది. ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండ వీణలో కుండా దండీ ఒకే పీచు. తగ్గినా పెరిగినా ఒకే దిక్కుకు, కలిసే కదులుతాయి. అడ్డంగా పట్టుకుని ఆపే బద్దలు దానికి లేవు.

నా చీలిక సంగతి చెప్పాలి. ఏప్రిల్‌లోనే, అది పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు, అదే స్ప్రూస్ నుంచి పీచు కలిసేట్టు చీల్చిన ఒక సన్నటి పుల్లను సరేసు జిగురు రాసి అందులోకి దించాను. తర్వాత ఇంకో మూడు వేసవులు గడిచాయి, కదల్లేదు. ఆగస్టులో పలక కొంచెం ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, అప్పుడు బ్రిడ్జి మీది ఎముక పట్టీని తీసి పొట్టిది పెడతాను.

నువ్వు చెయ్యాల్సింది ఇంకా సులువమ్మా. ఒక సబ్బు పెట్టెకు రంధ్రాలు చేసి, తడిపి పిండిన స్పాంజి ముక్కను అందులో ఉంచి, మార్చి నుంచి జూన్ దాకా గిటార్‌తోపాటు పెట్టెలో పెట్టి మూసెయ్యి. రెండు వారాల తర్వాత కూడా గుచ్చుకుంటుంటే ఫ్రెట్ల చివరలను సన్న ఆకురాయితో రాయించు. రాయించేది ఎండాకాలంలోనే రాయించు. ఆగస్టులో నున్నగా ఉందని వదిలేస్తే వచ్చే ఏప్రిల్‌లో మళ్ళీ ఇదే ప్రశ్న రాస్తావు.