వంద చుక్కానుల ఓడ: పాత నావ మాటలపై అపోహలు – వాస్తవాలు

ఉత్తరాంధ్ర తీరంలో కళింగపట్నం, బారువ, కోనాడ వైపు పాత నావ మాటలు పోగుచేసేవాళ్ల కాగితాల్లో ఒకే తప్పు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ముందు దాని సంగతి.

అపోహ: తెడ్డు, క్షేపణి, అరిత్రం, చుక్కాని అన్నీ ఒకటే.

కావు. పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో ‘నౌకాదండః క్షేపణీ స్యాదరిత్రం కేనిపాతకః’ అని నాలుగు మాటలు వరసగా వస్తాయి. మొదటి రెండూ నావను తోసే తెడ్డుకి, తర్వాతి రెండూ దారి మళ్లించే చుక్కానికి. పైగా అరిత్రం అర్థం కాలంతో పాటు మారింది. ఋగ్వేదంలో అశ్వినులనే జంట దేవతలు భుజ్యుడనేవాణ్ణి సముద్రంలోంచి గట్టెక్కించిన నావ ‘శతారిత్ర’, అంటే వంద తెడ్లది. అమరకోశం అర్థాన్ని అక్కడికి మోసుకుపోతే వంద చుక్కానుల ఓడ తయారవుతుంది!

తీరంలో చిక్కు వేరు. తెప్ప మీద తెరచాప ఎత్తకముందు తెడ్డుతో నీళ్లు వెనక్కి తోస్తారు. గాలి అందుకున్నాక వెనక ఉన్నవాడు అదే తెడ్డును నిలువుగా నీళ్లలోకి దించి పట్టుకుంటాడు. తెడ్డు ఆకును, అంటే దాని వెడల్పు భాగాన్ని, ఎడమకి తిప్పితే నీళ్లు తెప్ప వెనక భాగాన్ని కుడికి నెడతాయి, ముక్కు ఎడమకి మళ్లుతుంది. వస్తువు ఒకటే, పని రెండు. కాబట్టి మీ తాత దాన్ని కూడా తెడ్డే అంటే తప్పు మాట్లాడినట్టు కాదు. సిగ్గుపడి దిద్దకండి. విన్నది విన్నట్టే రాసి, పక్కన ఇవి చేర్చండి: పడవలో ఏ చివర ఉంటుంది, కట్టి ఉంటుందా చేతిలో ఉంటుందా, తోయడానికా తిప్పడానికా, పడవకి ఎన్ని. దిద్దేసిన మాటని, చెప్పిన పెద్దాయన పోయాక మళ్లీ అడగడానికి ఎవరూ ఉండరు.

అపోహ: చుక్కను చూసి నడుపుతారు కాబట్టి చుక్కాని.

అరబ్బీ ‘సుక్కాన్’ నుంచి వచ్చింది. చుక్కతో సంబంధం లేదు. లంగరు, సరంగు పారశీకం.

అపోహ: అయితే మనకి సొంత ఓడలు లేవన్నమాట.

ఇదెక్కడి లెక్క? ఓడ అచ్చమైన ద్రావిడ మాట, తమిళంలో ఓడం. శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంది. రేవులో పది దేశాలవాళ్లు కలిసి పనిచేస్తే మాటలూ కలుస్తాయి. పాత పద్యంలో ‘కలము’ కనిపిస్తే పెన్ను అనుకోకండి, ఓడ కూడా కలమే.

‘నావిగేషన్’ సంస్కృతం నుంచి పుట్టిందనే వాట్సాప్ ముక్క ఇక ఆపండి. అది లాటిన్ ‘నావిస్’ నుంచి వచ్చింది. నావకి సంస్కృత మాట ‘నౌ’కీ దానికీ ఉన్నది చుట్టరికం, తల్లీబిడ్డల వరస కాదు.

అమరకోశంలోని ఓడ మాటల్లో కూపకం చిన్న బావి, గుణవృక్షం మంచి గుణాల చెట్టు అని రాసినవాళ్లున్నారు. రెండూ తెరచాప కొయ్యే. గుణమంటే ఇక్కడ తాడు.

అపోహ: మేకులు తెలియక పడవలు కుట్టేవారు.

ఇనుము తెలిసినవాళ్లే కుట్టారు. పలకల అంచుల్లో బెజ్జాలు వేసి, సందు వెంబడి ఎండుగడ్డి పరిచి, కొబ్బరి పీచు తాడుతో బిగిస్తారు. ఒడ్డున కెరటం కొట్టినప్పుడు మేకు దిగిన చోట పలక చీలుతుంది, కుట్టు మాత్రం కాస్త వంగి మళ్లీ నిలబడుతుంది. సందుల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, అందుకే తోడే పాత్ర పడవలోనే ఉండాలి. అమరకోశంలో సేకపాత్రం, సేచనం అంటే అదే. మొక్కలకి నీళ్లు పోసే చెంబు కాదు.