గాలానికి పడ్డ చేప అప్పు చేసి పోరాడుతుంది

కనుమ వెళ్ళిన మూడో రోజు, ఇంకా చీకటి విడవకముందే కళింగపట్నం ఒడ్డున ఫైబర్ బోటును కెరటాల్లోకి తోశాం. ముగ్గురం చిన్నప్పటి స్నేహితులం. ఒకడు హైదరాబాద్ నుంచి, ఒకడు విశాఖ నుంచి పండక్కి వచ్చారు, నేను శ్రీకాకుళంలోనే ఉంటాను. నాలుగో మనిషి బోటాయన. అరవై దాటినా తెడ్డు పట్టుకుంటే మా ముగ్గురి కంటే గట్టి. మా దగ్గర కొత్త రాడ్లు, రీళ్ళు ఉన్నాయి. ఆయన దగ్గర ఒక చెక్కముక్కకు చుట్టిన నైలాన్ దారం, రెండు గాలాలు, అంతే. మేం వెళ్ళింది కోనాం కోసం. గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ళు వంజరం అంటారే, అదే.

ఒడ్డు సన్నని గీతలా కనిపించేంత దూరం పోయాక రెండు రాడ్లూ వెనక్కి వేసి బోటును నెమ్మదిగా తిప్పుతున్నాం. ఉన్నట్టుండి ఒక రాడ్డు విల్లులా వంగింది, రీలు కీచుమని మోత మొదలుపెట్టింది. హైదరాబాద్ వాడు రాడ్డు అందుకున్నాడు. దారం ఆగకుండా పోతోంది, చూస్తుండగానే రీలు సగం ఖాళీ అయిపోయింది. వాడికి టెన్షన్ వచ్చి, దారం మొత్తం పోతుందేమోనని రీలుకుండే బ్రేకు, అంటే డ్రాగ్ అనే మర, గట్టిగా బిగించాడు. వెనక నుంచి బోటాయన "ఒగ్గీయండి బాబూ, ఒగ్గీయండి! దాని మానాన దాన్ని ఎల్లనీండి, అలిసిపోతే అదే వస్తాది" అని అరుస్తూనే ఉన్నాడు. ఫట్‌మని తెగింది. అది పారో, కోనామో కూడా చూడలేదు. ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు.

ఆయన 'ఒగ్గీయండి' అన్న మాట వెనక భౌతికశాస్త్రం ఉంది. తలుపును గడియ దగ్గర తోస్తే వేలితో కూడా కదులుతుంది, బందుల దగ్గర తోస్తే ఒళ్ళంతా మోపాలి. తలుపు అదే, దూరమే తేడా. రీలు కూడా అంతే. చక్రం నిండా దారం ఉన్నప్పుడు చేప చక్రాన్ని బయటి అంచున పట్టి తిప్పుతుంది. దారం పోయేకొద్దీ ఆ చుట్ట సన్నబడుతుంది. చుట్ట అడ్డుకొలత సగానికి తగ్గితే, మనం మర ముట్టుకోకపోయినా, అదే బ్రేకును తిప్పడానికి రెండింతల లాగుడు కావాలి. మా దారం పదిహేను కిలోల దాకా ఓర్చుకునేది. అలాంటి దారానికి డ్రాగ్ మూడో వంతుకో, ఇంకా తక్కువకో పెట్టుకోవడం వాడుక, మేం అయిదు కిలోలకు పెట్టుకున్నాం. చుట్ట సగానికి తగ్గేసరికి అది దానంతటదే పది కిలోలైంది. దాని మీద నీళ్ళలో ఉన్న అంత పొడవు దారాన్ని ఈడ్చే బరువు, ఆ మీద చేప తల విదిలింపు. దారం పోయేకొద్దీ బ్రేకు వదులు చెయ్యాల్సిన చోట మావాడు బిగించాడు. తప్పు వాడిదని నేను అనను. చేతిలోంచి జారిపోతున్నదాన్ని ఎవరైనా గట్టిగానే పట్టుకుంటారు. బోటాయన మాత్రం దారాన్ని నేరుగా వేళ్ళ మధ్య పట్టుకుని బతికిన మనిషి, దారం ఎంత ఓర్చుకుంటుందో ఆయన చర్మానికి తెలుసు. ఆయన చూపుడువేలి మడతలో గీతలు గీతలుగా కాయ కాసి ఉంది, దారం సరిగ్గా అందులోనే కూర్చుంటుంది.

మా దారం అల్లిక దారం, దాదాపు సాగదు. ఆయన నైలాన్ దారం తెగేలోపు అయిదో వంతుకు పైగానే సాగుతుంది, ఆ సాగుడే చేప కుదుపును మింగేస్తుంది. ఖరీదైన దారం తెగిందే అని మేం బాధపడుతుంటే ఆయన ఏమీ అనకుండా తన చెక్కముక్క ముందుకు జరిపాడు.

మరి చేప అంత వేగంగా లాక్కుపోతుందా? కొమ్ముకోనాం, అంటే వీపు మీద తెరచాపలాంటి రెక్క ఉండే సెయిల్ ఫిష్, గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ఈదుతుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఆ అంకె పుట్టింది కూడా ఒక రీలు మీదే. అమెరికాలోని ఫ్లోరిడాలో ఎప్పుడో ఒక చేప మూడు సెకన్లలో 100 గజాల దారం లాగిందని లెక్కగట్టారు, గుణిస్తే దాదాపు అంత వస్తుంది. 2016లో వచ్చిన ఒక పరిశోధనలో దారాన్ని పక్కనపెట్టి కండను చూశారు. కండ ఒకసారి ముడుచుకోవడానికి ఎంతసేపు పడుతుంది, తోక ఒక ఊపుకు చేప ఎంత ముందుకు పోతుంది, ఈ రెండూ కలిపి లెక్కేస్తే కొమ్ముకోనాం గరిష్ఠ వేగం సెకనుకు 8 మీటర్ల చిల్లర, గంటకు 30 కిలోమీటర్లు అని తేలింది. మన ఊరి రోడ్డు మీద సైకిల్ తొక్కే కుర్రాడు గట్టిగా తొక్కితే అందుకోగల వేగం అది. నాకు దీంతో చేప మీద గౌరవం తగ్గలేదు. నీరు గాలి కంటే 800 రెట్లు చిక్కన. నడుం లోతు నీళ్ళలో పరిగెత్తడానికి ప్రయత్నించినవాళ్ళకి ఆ 30 అంటే ఏమిటో తెలుస్తుంది.

ఎండ ఎక్కాక కోనాం పడింది. ఈసారి విశాఖ వాడి రాడ్డు. చేప పరిగెత్తినప్పుడల్లా డ్రాగ్ కాస్త వదులు చేస్తూ, ఆగినప్పుడు చుట్టుకుంటూ పావుగంటకు బోటు పక్కకి తెచ్చాడు. ఏడు కిలోలు ఉంటుందేమో. బోటులో పడ్డాక దగ్గరగా చూశాను. వెండి ఒంటి మీద సన్నటి అడ్డచారలు. ఒంటి పక్కన పోయే సన్న గీత వీపు మీది రెండో రెక్క దాటాక ఒక్కసారిగా కిందికి వంగుతుంది, కోనాన్ని గుర్తుపట్టే గుర్తు అదే. ఆ రెండో రెక్క వెనక తోకదాకా ఎనిమిదో పదో బుల్లి రెక్కలు వరసగా ఉంటాయి. తోక నెలవంకలా గట్టిగా, పలచగా ఉంటుంది, అది మొదలయ్యే చోట ఒళ్ళు మన మణికట్టంత సన్నం. బలమంతా వెనక తోకకే చేరేట్టు, ఒళ్ళు మాత్రం తక్కువ ఊగేట్టు ఉన్న నిర్మాణం ఇది. దీనికి చాలా చేపలకుండే గాలితిత్తి లేదు. ఈదడం ఆపితే మునిగిపోతుంది. ఊపిరి కూడా ఈతతోనే, నోరు కాస్త తెరిచి ముందుకు పోతుంటే నీరు మొప్పల గుండా పారుతుంది. పుట్టినప్పటినుంచి చచ్చేదాకా పరుగే.

అయితే రోజంతా ఈదే పని చేసే కండ, గాలానికి పడ్డప్పుడు లాగే కండ ఒకటి కాదు. కోనాం ముక్కలు కోసేటప్పుడు చూడండి, చర్మం కింద పక్కల వెంబడి కొంచెం ముదురు రంగు కండ పట్టీలా ఉంటుంది. మా ఇంట్లో పిల్లలు దాన్ని పక్కన పెట్టేస్తారు. ఆక్సిజన్ వాడుకుంటూ రోజంతా అలసిపోకుండా పనిచేసేది ఆ ఎర్ర కండే. సూర చేపలో, అంటే ట్యూనాలో, అది ఇంకా చాలా ఎక్కువ, వెన్నెముక దాకా లోపలికి ఉంటుంది. పైగా ఆ కండ పుట్టించే వేడి బయటికి పోకుండా రక్తనాళాలు పక్కపక్కనే అల్లుకుని, చల్లటి రక్తాన్ని వేడి రక్తంతో వెచ్చబరుస్తాయి. 1835లోనే జాన్ డేవీ అనే బ్రిటిష్ వైద్యుడు సూర జాతి చేపల ఒళ్ళు చుట్టూ ఉన్న నీటి కంటే బాగా వెచ్చగా ఉంటుందని రాశాడు. చేపలన్నీ చల్లటి నెత్తురువని అందరూ అనుకునే రోజులవి.

మిగతా ఒళ్ళంతా, మనం ఇష్టంగా తినే ఆ తెల్లటి ముక్కంతా, అత్యవసరానికి దాచుకున్న కండ. గాలం గుచ్చుకున్నప్పుడు అది లేస్తుంది. దానికి ఆక్సిజన్ వచ్చేదాకా ఆగే తీరిక లేదు. తనలో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని ఆక్సిజన్ లేకుండానే విరిచి శక్తి తీసుకుంటుంది. బడ్డీకొట్లో డబ్బులివ్వకుండా పద్దు రాయించుకుని సరుకు తెచ్చుకున్నట్టే. సరుకు వెంటనే వస్తుంది, పద్దు మాత్రం పెరుగుతుంది. ఆ పద్దు పేరు లాక్టేట్. దాంతోపాటు కండలోనూ నెత్తుటిలోనూ ఆమ్లం పెరుగుతుంది. కండలో లాక్టిక్ ఆమ్లానికీ ఆక్సిజన్ ఖర్చుకీ ఉన్న లెక్క తేల్చినందుకు ఒట్టో మైయర్‌హాఫ్‌కి, కండలో పుట్టే వేడిని కొలిచినందుకు ఆర్చిబాల్డ్ హిల్‌కి 1922 నోబెల్ బహుమతి కలిపి ఇచ్చారు. 'ఆక్సిజన్ అప్పు' అన్న మాట ఆ హిల్ వాడుకలోకి తెచ్చిందే. 'అలిసిపోతే అదే వస్తాది' అని మా బోటాయన అన్నదీ ఈ అప్పు సంగతే. పరిగెత్తనిచ్చిన కొద్దీ పద్దు పెరుగుతుంది, చివరికి కొట్టువాడు సరుకు ఆపేస్తాడు.

మనకు అప్పు పుడితే రొప్పుకుంటూ తీర్చేస్తాం, లీటరు గాలిలో సుమారు 210 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంది. వెచ్చటి సముద్రపు నీటిలో లీటరుకు అయిదు మిల్లీలీటర్లు కూడా ఉండదు. అందుకే పావుగంటలో చేసిన అప్పు తీరడానికి చేపకు గంటలు పడుతుంది, ఒక్కోసారి పూట గడిచిపోతుంది. కోనాం విషయంలో ఇది మాకు పట్టలేదు, అది మధ్యాహ్నం పులుసైంది. సాయంత్రం పట్టింది.

సాయంత్రం వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వచ్చాం. పాటు మొదలైంది, నది నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నాయి. రోజుకు రెండుసార్లు ఇలా నీళ్ళు తీస్తున్నప్పుడు చిన్న చేపలు, రొయ్యలు వాటితోపాటు కొట్టుకొస్తాయి, ఇసుక మేట అంచున లోతులో పండుగప్ప నోరు సిద్ధంగా పెట్టుకుని కాచుకుంటుంది. అది వెంటాడి కొరకదు. నోరు ఒక్కసారిగా తెరిస్తే లోపల ఖాళీ ఏర్పడి, నీళ్ళతో సహా ఎర లోపలికి పీల్చుకుపోతుంది. ఆ చప్పుడు నీళ్ళ మీద దబ్‌మని వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్న మరుక్షణం నా రాడ్డు వంగింది.

ఈసారి నేను బిగించలేదు. రెండుసార్లు నీళ్ళలోంచి పైకెగిరి తల విదిలించింది. దాని మొప్పల కప్పు అంచు బ్లేడులా ఉంటుంది, దారం దానికి తగిలితే అంతే. చీకటి పడుతుండగా మోకాలి లోతు నీళ్ళలోకి తెచ్చాను. కొలిచాం, తొంభై సెంటీమీటర్లు. టార్చి వేస్తే కళ్ళు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగాయి, కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉండటం వల్ల.

హైదరాబాద్ వాడు ఫోన్ తీసి "ఎత్తి పట్టుకోరా, ఫోటో" అన్నాడు. నేను ఎత్తలేదు. 1992లో ఫెర్గూసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు ట్రౌట్ చేపల మీద ఒక ప్రయోగం చేశారు. చేపల్ని బాగా అలసిపోయేదాకా తరిమారు. అలసినా నీళ్ళలోనే ఉంచినవాటిలో 88 శాతం బతికాయి. అలసిన తర్వాత 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 62 శాతమే బతికాయి. ఒక్క నిమిషం ఉంచితే 28 శాతం. నీళ్ళలో మన తల వెంట్రుకలు విడివిడిగా తేలి, బయటికి రాగానే అతుక్కుపోతాయి చూడండి, మొప్పల్లోని పలచటి రేకులూ అంతే. అప్పు నిండా ఉన్న వేళ ఊపిరి తలుపు కూడా మూసుకుపోతుందన్నమాట. ట్రౌట్ చల్లటి నీటి చేప, పండుగప్ప దానికంటే మొండిది, నిజమే. కానీ ఒక ఫోటో కోసం దాని మొండితనాన్ని పరీక్షించాలని నాకు అనిపించలేదు. చేతులు తడిపి, ఒంటి మీది జిగురు ఊడకుండా కింద నుంచి పట్టుకుని, నీళ్ళలోనే గాలం తీశాను.

వదిలేస్తున్నానని తెలిసి స్నేహితులిద్దరూ గొడవ చేశారు. పండుగప్ప కూర రుచి తెలిసినవాళ్ళు గొడవ చెయ్యరా! వాళ్ళకి చెప్పిందే ఇక్కడా చెబుతాను. పండుగప్ప ముందు మగదిగా ఎదుగుతుంది. కొన్నేళ్ళు మగగా ఉండి, ఒళ్ళు పెరిగాక ఆడదిగా మారుతుంది. అంచేత ఈ సైజు చేప చాలావరకు తల్లే అయి ఉంటుంది. అమావాస్య, పున్నమి రోజుల చుట్టూ మొగ దగ్గరి ఉప్పునీటికి వచ్చి గుడ్లు వదులుతుంది, పోటు నీళ్ళు వాటిని నది వైపు మోసుకుపోతాయి. బాగా పెద్ద తల్లి ఒకటి కోటికి పైగా గుడ్లు పెట్టగలదు. పెద్దవాటినే ఏరి ఏరి పట్టేస్తే మిగిలేది మగవే. బోటాయన పట్టిన పండుగప్ప ఆయన ఇంట్లో బియ్యం, దాన్ని వదలమనే హక్కు నాకు లేదు, ఆయనతో ఆ మాట అనను కూడా. మేం వచ్చింది సరదాకి, పొద్దున్న పట్టిన కోనాం తిన్నాం. మాకు ఇది చాలు.

తలను పారే నీటికి ఎదురుగా పెట్టి పట్టుకుని నిలబడ్డాను. మొదట ఒక పక్కకి ఒరిగింది. మొప్పలు మెల్లగా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. మూడు నిమిషాలు పట్టిందేమో. తర్వాత నా అరచేతిలో దాని ఒళ్ళు గట్టిపడింది, తోకతో ఒక్క దెబ్బ కొట్టి ముఖం మీద నీళ్ళు చల్లి లోతుకు పోయింది.

బోటాయన అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. లంగరు తాడు చుట్టుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు: "సిన్న పండుగప్పలో గుడ్లు ఎప్పుడూ సూడనేదు బాబూ. తెల్లగా పాలే ఉంటాయి. నలబై ఏళ్ళ బట్టి కోస్తన్నాను, ఎందుకో అనుకునీవోడిని."