అలుగు పెంకు, తాత ఉంగరం

"మా తాత అలుగు పెంకు ఉంగరం పెట్టుకుంటడు సార్. మొలలు తగ్గుతయంట. నిజమేనా?"

అచ్చంపేట దగ్గర ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పిల్లలతో సైన్స్ ముచ్చట్లు పెట్టమంటే వెళ్లాను. ఆ మాట వినగానే వెనక బెంచీ పిల్లవాడొకడు "అలుగంటే చెరువుది కదా సార్" అన్నాడు. వాడన్నదీ నిజమే. పాలమూరు, నల్లగొండ వైపు అలుగు అనగానే గుర్తొచ్చేది నిండిన చెరువు నీళ్లు దుంకే చోటే. ఒళ్లంతా పెంకులుండే జంతువు అలుగును (ఇంగ్లిష్‌లో పాంగోలిన్) కళ్లారా చూసినవాళ్లు తక్కువ. పగలంతా బొరియలో ముడుచుకుని పడుకుంటుంది, చీకటి పడ్డాక ఒంటరిగా బయటికొస్తుంది, చీమలనూ చెదలనూ తవ్వుకు తిని మళ్లీ బొరియ చేరుతుంది.

ఆ రోజు "తగ్గవమ్మా" అని ఒక్క ముక్కలో చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఎందుకు తగ్గవో చెప్పకపోతే తాత మాట ఒకవైపు, సారు మాట ఒకవైపు, అంతే కదా! అందులో సైన్స్ ఎక్కడుంది?

అలుగు పెంకు కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. మన గోళ్లు, వెంట్రుకలు కూడా దాంతోనే. ఎద్దు కొమ్ము మీది తొడుగు, మేక గిట్ట, కోడి ఈక, ఖడ్గమృగం కొమ్ము, గొర్రె బొచ్చు అన్నీ ఆ కుటుంబమే. అంటే ఆ తాత వేలికున్న ఉంగరం, భుజం మీది గొంగడి ఒకే రకం సరుకు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడొచ్చు, పిల్లలైతే పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని. కత్తిరించిన గోరు ముక్కను పట్కారుతో పట్టుకుని దీపం మంటలో పెట్టండి. తర్వాత పాత గొంగడిలోంచి ఒక పోగు లాగి పెట్టండి. రెండూ భగ్గున మండవు. ముడుచుకుని, నల్లగా పొంగి, మంట తీయగానే ఆరిపోతాయి. వాసనా ఒకటే, వెంట్రుక కాలిన కంపు. మంద కాడ నెగడు పక్కన పడుకునే కురుమలకు, గొల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నిప్పురవ్వ పడితే నూలు దుప్పటి రాజుకుంటుంది, గొంగడికి చిన్న చిల్లి పడి ఆగుతుంది.

ఆ కంపులో ఎక్కువ పాలు గంధకానిది. ఈ గంధకం పనితనం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

తాడు పేనడం చూశారా? సన్నటి పోగుకు పురి పెడతారు, అలాంటి పోగులను కలిపి మళ్లీ పురి పెడతారు, వాటిని కలిపి ఇంకోసారి. కెరటిన్ కూడా ఇంతే. ఒక్కో ప్రోటీన్ గొలుసు స్ప్రింగులా చుట్టుకుంటుంది. రెండు స్ప్రింగులు ఒకదానితో ఒకటి మెలిపడతాయి. ఆ జంటలు కట్టలు కడతాయి. పైగా తాడుకు లేని బందోబస్తు ఒకటి దీనికుంది. ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటివి అమైనో ఆమ్లాలు. వాటిలో సిస్టీన్ అనేది ఉన్నచోటల్లా ఒక గంధకం పరమాణువుంటుంది. పక్క గొలుసులోని సిస్టీన్ గంధకంతో అది కలిసి డైసల్ఫైడ్ బంధం అవుతుంది. పేనిన తాడుకు మళ్లీ జానెడుకొక కుట్టు వేసినట్టన్నమాట. చర్మం పైపొరలోని కెరటిన్‌కు ఈ కుట్లు తక్కువ, అందుకే మెత్తన. గోరుకు, గిట్టకు, పెంకుకు కుట్లు ఎక్కువ.

ఇప్పుడు ఈ పెంకును అరగదీసి ఎవరో మందని తాగారనుకోండి. కడుపులో పెప్సిన్, పేగుల్లో ట్రిప్సిన్ అనే ఎంజైములు ప్రోటీన్లను కత్తెరల్లా ముక్కలు చేస్తాయి. పప్పు, గుడ్డు, మాంసం వండితే వాటికి వదులైన దారాలే. కెరటిన్ దగ్గర కత్తెర దూరే సందు దొరకదు. కడుపులోని ఆమ్లానికి గంధకపు కుట్లు ఊడవు.

దీనికి సాక్ష్యం అడవిలోనే ఉంది. పులి ఏం తింటోందో తెలియాలంటే శాస్త్రవేత్తలు దాని మలం ఏరుకొచ్చి, కడిగి, అందులోని వెంట్రుకలను మైక్రోస్కోపు కింద పెడతారు. దుప్పి వెంట్రుక వేరు, మనుబోతు వెంట్రుక వేరు, అడవిపంది వెంట్రుక వేరు. ఏది తిన్నదో తెలిసిపోతుంది. పులి పేగులన్నీ దాటి వచ్చినా గుర్తుపట్టేంత చెక్కుచెదరకుండా ఉంటాయవి! పులి అరిగించుకోలేనిదాన్ని మనం అరిగించుకుంటామా?

కెరటిన్‌ను తిని బతికే జీవులు లేకపోలేదు. పెట్టెలో దాచిన గొంగడికి చిల్లులు పెట్టే పురుగు అలాంటిదే. దాని పేగులో ఉండేది ఆమ్లం కాదు, క్షారం. అక్కడ ముందు గంధకపు కుట్లు ఊడతాయి, ఆ తర్వాత కత్తెరలు పనిచేస్తాయి. బ్యూటీ పార్లర్‌లో జుట్టు స్ట్రెయిటెనింగ్ చేసేదీ ఇలాగే. క్రీముతో కుట్లు విప్పుతారు, జుట్టు సాపు చేస్తారు, ఇంకో మందుతో మళ్లీ కుట్లు వేస్తారు. సరే, ఆ పురుగులా మనకూ పెంకు అరిగిందనే అనుకుందాం. చివరికి మిగిలేది అమైనో ఆమ్లాలు. గుప్పెడు ఉడికించిన శనగలు తిన్నా వచ్చేవి అవే.

ఇక ఉంగరం. అది అరగనూ అరగదు, ఒంట్లోకి పోనూ పోదు. తాతకు పుట్టినప్పటి నుంచీ పది వేళ్లకూ పది గోళ్లున్నాయి. వాటితో తగ్గని మొలలు పదకొండో గోరుతో ఎలా తగ్గుతాయి? మరి తగ్గాయని తాత ఎందుకంటున్నాడు? ఆయన అబద్ధం చెప్పడం లేదు. మొలల నొప్పి కొన్నాళ్లు ఎక్కువవుతుంది, కొన్నాళ్లు దానంతటదే సద్దుమణుగుతుంది. బాధ బాగా ముదిరినప్పుడే ఉంగరం కోసం వెతుకుతారు. ఆ తర్వాత ఎలాగూ తగ్గేదే, పేరు ఉంగరానికొస్తుంది. బడిలో పిల్లలకు కెరటిన్ నిర్వచనం కంటే ముందు ఈ ముక్క నేర్పాలని నా కోరిక.

ఈ ఉంగరం వెల ఆ జంతువు ప్రాణం. మన దేశపు అలుగు అంతరించే ప్రమాదమున్న జంతువుల జాబితాలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో పాటు మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు. అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాలని 2016లో ప్రపంచ దేశాలు తీర్మానించాయి. అయినా 2019 ఏప్రిల్‌లో సింగపూర్ రేవులో వారం తిరక్కుండానే రెండు కంటైనర్లలో 25 టన్నులకు పైగా ఆఫ్రికా అలుగుల పెంకులు దొరికాయి. 2020లో చైనా తన అధికారిక మందుల గ్రంథం నుంచి అలుగు పెంకును తీసేసింది.

ఒకసారి మన్ననూరు దాటాక అడవిలో ఒక చెంచు పెద్దాయన నాకొక చెదల పుట్ట చూపించాడు. పక్క నుంచి తవ్విన బొక్క, దాని అంచున గోళ్లు గీరిన గాట్లు, కింద ఎర్రమట్టిలో తోక ఈడ్చుకుపోయిన గీత. మట్టి ఇంకా తడిగా ఉంది. అలుగు నాకు అంత దగ్గరగా తెలిసింది అప్పుడే. దానికి పళ్లుండవు. బంక బంకగా ఉండే పొడవాటి నాలుక బొక్కలోకి పోతుంది, చెదలతో తిరిగొస్తుంది. నాలుక మొదలు గొంతులో ఉండదు, ఛాతీ లోపల చివరి పక్కటెముకల దాకా ఉంటుంది.

ప్రమాదం వస్తే అలుగు పరుగెత్తదు. తలను పొట్టలో దాచుకుని, తోకను చుట్టూ బిగించి బంతిలా ముడుచుకుంటుంది. పెంకుల అంచులు పదునుగా లేచి నిలుస్తాయి. చిరుతపులి పంజాతో దొర్లిస్తుంది, కొరుకుతుంది, విసిగి పోతుంది. కోట్ల ఏళ్లుగా పనిచేసిన ఉపాయం ఇది. మనిషి ముందు మాత్రం ఇదే దాని ప్రాణం మీదికి తెచ్చింది. మనిషికి వల అక్కర్లేదు, తుపాకీ అక్కర్లేదు. వంగి, ఎత్తి, గోనెసంచిలో వేసుకుంటే చాలు.

పోయినవాటి చోటు నిండడం చాలా నెమ్మది. తల్లి మామూలుగా ఒక కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. జూలో పెంచుదామంటే తిండి సరిపడక, బెదిరి చాలావరకు చనిపోతాయి. ఒడిశాలోని నందన్‌కానన్ జూలో ప్రత్యేక కేంద్రం పెట్టి కష్టపడి పెంచుతున్నారు. పిల్ల పుట్టినప్పుడు పెంకులు మెత్తగా ఉంటాయి. కొన్నాళ్లకు తల్లి తోక మొదట్లో ఎక్కి కూర్చుని అడవంతా తిరుగుతుంది. అలికిడైతే తల్లి పిల్లను పొట్ట కిందికి తోసి, దాని చుట్టూ ముడుచుకుంటుంది. గోనెసంచి మూతి కట్టేవాడికి కనిపించేది ఒక్క బంతే.